లోకంలోనే ఉంటూ లోకానికి వేరుగా బ్రతకడం ఎలా?

"విశ్వాసి ప్రత్యేకంగా జీవించాలి" అన్న మాట వినని ఆదివారం మనకు ఉండదు. వాక్యం వింటూ తల ఊపుతాం, ఆమేన్ అంటాం. కానీ సోమవారం ఉదయం ఆఫీసులో ఒక తప్పుడు కాగితం ముందుకొచ్చి, "అందరూ పెడుతున్నారు, మీరూ ఒక సంతకం పెట్టండి" అని ఎవరైనా అన్నప్పుడు, ఆదివారం విన్న మాటను ఎలా వాడాలో తెలియదు. నాకైతే చాలా ఏళ్లు తెలియలేదు. ఆ సోమవారం ఏం చేయాలో తెలియక ఇబ్బంది పడేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో ఉన్నవన్నీ ఒక్కరోజులో మొదలుపెట్టకండి. మొదటి రెండూ చేశాక మిగతావాటికి రండి.

ముందు "లోకం" అంటే ఏమిటో తేల్చుకోండి

ఇక్కడ పొరపాటు పడితే తర్వాత చేసేదంతా పక్కదారి పడుతుంది. "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" అని యోహాను సువార్త 3:16లో చదువుతాం. "ఈ లోకమునైనను లోకములో ఉన్నవాటినైనను ప్రేమింపకుడి" అని మొదటి యోహాను పత్రిక 2:15లో చదువుతాం. గ్రీకులో రెండు చోట్లా ఉన్నది కోస్మోస్ అనే ఒకే పదం. సువార్తలో లోకం అంటే మనుషులు. పత్రికలో లోకం అంటే ఏమిటో తర్వాతి వచనమే విప్పి చెబుతుంది: శరీరాశ, నేత్రాశ, జీవపుడంబం.

ఆ మూడింటినీ ఒకసారి మీ సొంత మాటల్లో చెప్పుకోండి. నాకు ఇప్పుడే కావాలి. చూశాను కాబట్టి నాకూ కావాలి. నా దగ్గర ఉందని పదిమందికీ తెలియాలి. ఈ మూడూ ఉండేది మన లోపలే. అందుకే మనుషులకు దూరంగా వెళ్లినా లోకానికి దూరమైనట్టు కాదు. ఎంత సాదాగా ఉన్నా, "నేను ఎంత సాదాగా ఉంటానో చూడండి" అన్న జీవపుడంబం మనతోనే వస్తుంది.

కొరింథు సంఘంవాళ్లు ఈ విషయంలోనే తికమకపడ్డారు. అపొస్తలుడైన పౌలు వాళ్లకు 1 కొరింథీయులకు 5:9-11లో సర్దిచెప్పాల్సి వచ్చింది. నేను సహవాసం చేయవద్దన్నది సహోదరుడని పిలిపించుకుంటూ పాపంలో కొనసాగేవాడితో, బయటి లోకంలోని పాపులందరినీ వదిలేయాలంటే మీరు ఈ లోకంలోనుంచే వెళ్లిపోవాలి కదా అన్నాడు. యేసు ప్రభువు కూడా యోహాను 17:15లో శిష్యులను లోకంలోనుంచి తీసుకుపొమ్మని అడగలేదు, దుష్టుని నుండి కాపాడమని అడిగాడు. కాబట్టి పక్కింటివాళ్లతో మాటలు మానేయడం ప్రత్యేకత కాదు.

రోమా 12:2లో "లోక మర్యాదను అనుసరింపక" అని ఉంది. అక్కడ మర్యాద అంటే గౌరవం కాదు, పద్ధతి, తీరు. అచ్చులో పోసిన మైనం ఆ అచ్చు ఆకారాన్నే తీసుకున్నట్టు, చుట్టూ ఉన్న తీరులోకి మనం తెలియకుండానే ఒదిగిపోతాం. అదే వచనంలో "రూపాంతరము పొందుడి" అన్న మాట ఉంది. మత్తయి 17:2లో కొండమీద ప్రభువు రూపాంతరం పొందినప్పుడు వాడిన గ్రీకు క్రియే ఇక్కడా ఉంది. ఆ మార్పు మనస్సులో మొదలవ్వాలని పౌలు చెబుతున్నాడు. మనం మాత్రం చాలాసార్లు బట్టలతో, పాటలతో, స్నేహితుల లిస్టుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం.

ఒక వారం పాటు రాత్రిపూట రాసుకోండి

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. ఫోన్‌లో వద్దు, కాగితం మీదే రాయండి. పడుకునే ముందు పది నిమిషాలు కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ రోజు దేని గురించి ఎక్కువ టెన్షన్ పడ్డాను? ఎవరిని చూసి నా మనసు చిన్నబోయింది? ఎక్కడ నిజాన్ని కొంచెం వంచాను? ఒక్కోదానికి ఒక వాక్యం చాలు. బాగా కనిపించాలని రాయకండి. ఆ పుస్తకం ఎవరూ చదవరు.

నేను మొదటిసారి ఇలా రాసినప్పుడు, నా బలహీనత కోపం అనుకుంటూ కూర్చున్నాను. ఏడు రాత్రులు అయ్యాక తిరగేసి చూస్తే కోపం ఒక్కసారే ఉంది. నాలుగు రాత్రులు ఒకే సంగతి వేర్వేరు మాటల్లో ఉంది. నాతోపాటు ఉద్యోగంలో చేరిన ఒక మిత్రుడికి ప్రమోషన్ వచ్చింది. వెంటనే "కంగ్రాట్స్" అని మెసేజ్ పెట్టాను, చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను. ఆ తర్వాత మూడు రోజులు అతని పనిలో తప్పులు వెతుకుతూ గడిపాను. గురువారం రాత్రి రాసుకున్న వాక్యం ఇప్పటికీ గుర్తుంది: "వాడికంటే నేను తక్కువని మీటింగ్‌లో అందరూ అనుకుంటున్నారు." నేను సినిమాలు మానేసి ఏళ్లు అయింది. లోకాన్ని వదిలేశానని నాకు గట్టి నమ్మకం. తీరా చూస్తే లోకం నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది.

ఈ రాత ఎందుకు అవసరమో అబ్రాహాము బంధువైన లోతు కథలో కనిపిస్తుంది. ఆదికాండము 13లో అతను కన్నులెత్తి యొర్దాను మైదానాన్ని చూశాడు, దాన్ని ఏర్పరచుకున్నాడు, చెడుతనానికి పేరుపడ్డ సొదొమ పట్టణం దగ్గర గుడారం వేసుకున్నాడు. 14వ అధ్యాయానికి వచ్చేసరికి సొదొమలోనే కాపురం ఉన్నాడు. 19వ అధ్యాయంలో సొదొమ గవిని, అంటే ఊరి ద్వారం, దగ్గర కూర్చుని ఉన్నాడు. ఊరి పెద్దలు కూర్చునే చోటు అది. నీళ్లున్న పచ్చటి నేలను ఎంచుకున్న రోజున అతను చేసింది ఎవరికీ తప్పుగా కనిపించి ఉండదు. మన జారుడు కూడా అలాగే ఉంటుంది, ఏ రోజుకి ఆ రోజు చూస్తే ఏమీ కనిపించదు. వారం రోజుల రాతలు పక్కపక్కన పెట్టి చూస్తే గుడారం ఎటు జరుగుతోందో తెలుస్తుంది.

వారం చివర్లో మీ పుస్తకంలో ఎక్కువసార్లు వచ్చిన ఒక్క విషయాన్ని గుర్తుపెట్టండి. రాబోయే నెలంతా మీ ప్రార్థన దాని మీదే ఉండాలి. అన్నీ ఒకేసారి సరిచేసుకుందామనుకుంటే ఏదీ సరికాదు.

ఉదయం మొదటి అరగంట ఎవరిదో నిర్ణయించండి

కళ్లు తెరవగానే ఫోన్ చూస్తే, మనకు ఏది ముఖ్యమో ముందు ఫోనే చెబుతుంది. ఎవరు ఏం కొన్నారు, ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఎవరి మీద ఎవరికి కోపం వచ్చింది, అన్నీ మనం ప్రార్థించకముందే మన మనసులోకి వచ్చి కూర్చుంటాయి. కాబట్టి ఫోన్‌ను పడకగదిలో పెట్టుకోకండి. అలారం కోసం మామూలు గడియారం వాడండి. మార్కు 1:35లో ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని ఉంది. ముందు రోజు సాయంత్రం పట్టణమంతా ఆయన ఉన్న ఇంటి వాకిట కూడింది. ఆయన మనకంటే బిజీగానే ఉన్నాడు.

ఏం చదవాలో తెలియకపోతే మత్తయి 5, 6, 7 అధ్యాయాలతో మొదలుపెట్టండి. మూడు అధ్యాయాలూ కలిపి 111 వచనాలు. రోజుకి నాలుగు చొప్పున చదివితే నెలలోపు పూర్తవుతుంది. కోపం, కళ్లు, ఒట్లు, పగ, దానం, డబ్బు, చింత, తీర్పు తీర్చడం, లోకం మనల్ని పట్టుకునే చోట్లన్నీ ప్రభువు అక్కడ వరసగా తడిమి చూపిస్తాడు. చదివినదాంట్లో ఒక మాటను జేబులో వేసుకున్నట్టు ఆ రోజంతా వెంట తీసుకెళ్లండి. అధ్యాయాలు ఎన్ని పూర్తయ్యాయో లెక్కపెట్టుకోవద్దు. ఎక్కువ చదివామన్న గర్వం ఆ జీవపుడంబానికే మేత అవుతుంది.

గీత ముందే గీసుకోండి

ఒత్తిడి వచ్చాక నిర్ణయం తీసుకుందామనుకునేవాడు దాదాపు ప్రతిసారీ ఓడిపోతాడు. ఈ విషయంలో దానియేలు మొదటి అధ్యాయం కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. చెరపట్టి బబులోనుకు తీసుకెళ్లిన కుర్రవాడు. అక్కడ అతను ఏమేమి ఒప్పుకున్నాడో ముందు చూడండి. కల్దీయుల భాష నేర్చుకున్నాడు, వాళ్ల విద్య చదివాడు, మూడేళ్ల శిక్షణ తీసుకున్నాడు, బెల్తెషాజరు అని పేరు మారిస్తే ఊరుకున్నాడు, రాజు కొలువులో పనిచేశాడు. ఇవన్నీ ఒప్పుకున్నవాడు రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. దాంతో తనను అపవిత్రపరచుకోకూడదని "ఉద్దేశించాడు" అని 8వ వచనం చెబుతుంది. పళ్లెం ముందుకు రాకముందే మనసులో నిర్ణయం జరిగిపోయింది.

అడిగిన తీరు కూడా గమనించండి. అతను నిరాహార దీక్షకు దిగలేదు, తమను చూసుకునే అధికారిని, నపుంసకుల అధిపతిని, తిట్టలేదు, వేడుకున్నాడు. ఆయన భయం న్యాయమైనదే, తేడా వస్తే రాజు ఆయన తల తీయిస్తాడు. అందుకని దానియేలు పది రోజులు పరీక్షించి చూడమని ఒక దారి చూపించాడు. ఎదుటివాడి కష్టాన్ని కూడా ఆలోచించిన విశ్వాసం అది.

దగ్గరి కాలంలో ఎరిక్ లిడెల్ అనే పరుగుపందెం క్రీడాకారుడు కూడా అలాగే చేశాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో అతని ప్రధాన పోటీ 100 మీటర్ల పరుగు. దాని తొలి రౌండ్ పరుగులు (హీట్స్) ఆదివారం పడ్డాయి. ఆదివారం పరుగెత్తనని అతను నెలల ముందే తేల్చి చెప్పాడు. ఆ నెలలన్నీ 400 మీటర్లకు సాధన చేసి 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. తర్వాత చైనాకు మిషనరీగా వెళ్లి, 1945లో అక్కడి నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఆదివారం ఆడవచ్చా లేదా అన్నదానిలో విశ్వాసులందరి అభిప్రాయం ఒకటి కాదు, ఇక్కడ మనకు కావలసింది అది కాదు. ముందే నిర్ణయించుకున్నాడు కాబట్టి సిద్ధపడటానికి అతనికి సమయం దొరికింది.

మీరు ఒక కాగితం మీద మూడు వరసలు గీయండి. మొదటి వరసలో నేను ధైర్యంగా చేయగలిగినవి: చదువు, ఉద్యోగం, ఆటలు, పొరుగువాళ్ల సంతోషాల్లో పాలుపంచుకోవడం. ఈ వరస పెద్దగానే ఉండాలి. చిన్నగా ఉంటే మీరు దేవునికంటే మనుషులకు ఎక్కువ భయపడుతున్నారేమో చూసుకోండి. రెండో వరసలో ఏది ఏమైనా చేయనివి: తప్పుడు బిల్లు, ఇంకొకరి పనిని నా పేరుతో చూపించడం, లంచం, భార్యకో భర్తకో తెలియకూడని చాటింగ్. మూడో వరసలో ఇంకా తేలనివి. రోమా 14 అధ్యాయం ఈ మూడో వరస గురించే. ఒకడు ఒక దినాన్ని గొప్పదిగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని దినాలూ సమానమే అంటాడు, "ప్రతివాడు తనమట్టుకు తానే తన మనస్సులో రూఢిపరచుకొనవలెను" అంటాడు పౌలు. మీ మూడో వరసను తీసుకెళ్లి మరొకరి రెండో వరసగా మార్చకండి. సంఘాల్లో సగం గొడవలు అక్కడే పుడతాయని నేను చూసిన మేరకు చెప్పగలను.

"కుదరదు" అని ఎలా చెప్పాలి

చాలామంది తడబడేది ఇక్కడే. చేయకూడదని తెలుసు, కానీ నోరు రాదు. లేదా వచ్చిందంటే ప్రసంగం వస్తుంది. రెండూ వద్దు. చెప్పవలసిన వాక్యాన్ని ఇంట్లోనే తయారుచేసుకోండి, గట్టిగా పలికి చూసుకోండి.

నేను పనిచేసిన ఒక చోట ఒక తనిఖీ రిపోర్టు మూడు వారాలు ఆలస్యమైంది. పైవాళ్లు పాత తేదీ వేసి సంతకం పెట్టమన్నారు. అంతకుముందు ఏడాది అలాంటి కాగితం మీదే నేను మారు మాట్లాడకుండా సంతకం పెట్టాను. ఆ రాత్రి ప్రార్థనకు మోకరిస్తే మాట రాలేదు. అందుకని ఈసారి వాక్యం సిద్ధంగా పెట్టుకున్నాను. "సార్, ఈ రోజు తేదీతో అయితే ఇప్పుడే సంతకం పెడతాను. ఆలస్యం ఎందుకైందో నోట్ కూడా నేనే రాసి జత చేస్తాను. మీకు మాట రాకుండా అందులో నా భాగం తప్పు ఎంతో రాస్తాను." అంతే అన్నాను. చేతులు వణుకుతుంటే బల్ల కింద పెట్టుకున్నాను. ఆయన కాసేపు నా వంక చూసి, ఫైలు తీసుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్లారు.

ఆ మాటల్లో మూడు సంగతులు ఉన్నాయి: ఏం చేయగలనో ముందు చెప్పడం, ఎదుటివాడికి ఒక దారి చూపించడం, నా వంతు తప్పు ఒప్పుకోవడం. "నేను క్రైస్తవుణ్ణి, మీలాగా అబద్ధం ఆడను" అని అనలేదు. ఎందుకు చేయవని అడిగితే అప్పుడు చెప్పండి, అడగకముందే చెప్పకండి. 1 పేతురు 3:15 హేతువు అడిగే ప్రతివానికీ సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమంటూనే "సాత్వికముతోను భయముతోను" అన్న మాట కలిపింది. మత్తయి 5:37 ప్రకారం అవునంటే అవును, కాదంటే కాదు, మాటలు పొడిగించకండి.

దీనికి ఫలితం మంచిగానే ఉంటుందని నేను మీకు మాట ఇవ్వలేను. ఆ ఏడాది నా అప్రైజల్ బాగా రాలేదు. దానియేలు స్నేహితులు షద్రకు, మేషాకు, అబేద్నెగో తమను అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో మా దేవుడు రక్షించగలడు అన్నారు, వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అని కూడా అన్నారు (దానియేలు 3:18). నష్టం వస్తే భరిస్తానని ముందే లెక్క వేసుకున్నవాడే నిలబడతాడు. ఇంకో మాట. కాదనే హక్కు పనిలో లోపం లేనివాడికే బాగా నప్పుతుంది. దానియేలు శత్రువులు అతని పనిలో తప్పు పట్టాలని వెతికి వెతికి ఏమీ దొరకక, చివరికి అతని ప్రార్థననే పట్టుకోవాల్సి వచ్చింది (6:4-5). రోజూ ఆలస్యంగా వచ్చేవాడు నీతి మాట్లాడితే ఎవరు వింటారు?

డబ్బు దగ్గర

లూకా 12లో ధనవంతుడైన అవివేకి తనలో తాను మాట్లాడుకున్న మాటలు గట్టిగా చదవండి. నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, నా ప్రాణం. దొంగతనం చేశాడని గానీ, ఎవరినైనా మోసం చేశాడని గానీ అక్కడ లేదు. భూమి బాగా పండింది, అంతే. అతని ఆలోచనలో మాత్రం ఇంకొక మనిషి లేడు.

మొదట చేయవలసింది, ఆదాయం చేతికి రాగానే ఇవ్వవలసిన భాగాన్ని పక్కన పెట్టడం. ఖర్చులన్నీ అయ్యాక మిగిలింది ఇద్దామనుకుంటే ఏనాడూ ఏమీ మిగలదు. రెండోది, అవసరం కాని వస్తువు ఏదైనా కొనాలనిపిస్తే పేరు, తేదీ రాసి ఒక నెల ఆగండి. నెల తర్వాత కూడా కావాలనిపిస్తే, స్తోమత ఉంటే, కృతజ్ఞతతో కొనుక్కోండి. నా జాబితాలో చాలావాటిని నెల తర్వాత చూస్తే అసలెందుకు రాశానో కూడా గుర్తురాలేదు. నేత్రాశ ఆయుష్షు అంత తక్కువ. మూడోది కష్టమైనది. ఎవరికైనా బాకీ ఉన్నా, ఎవరి సొమ్మైనా అన్యాయంగా మన దగ్గర ఉన్నా తిరిగి ఇచ్చేయాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య పాట పాడి ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అన్నాడు (లూకా 19:8).

ఇవ్వడం మాత్రం ఎవరికీ తెలియకుండా జరగాలి. నేను ఒకసారి ఒక విద్యార్థికి ఫీజు కట్టి, ప్రార్థన కూటంలో సాక్ష్యం చెబుతూ ఆ సంగతి చల్లగా కలిపాను. ఆ అబ్బాయి వాళ్ల అమ్మ మూడో వరసలో కూర్చుని ఉంది, తల వంచుకుంది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు ఎందుకన్నాడో ఆ వంచిన తల చూశాక అర్థమైంది.

ఇక ఆశీర్వాదం గురించి ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. వాహనం పెద్దదైతే, ఇల్లు పెద్దదైతే దేవుడు దగ్గరగా ఉన్నట్టు, లేకపోతే విశ్వాసం తక్కువైనట్టు బోధించడం లోకపు విలువలకే వాక్యం రంగు వేయడం. "సంతుష్టి సహితమైన దైవభక్తి గొప్ప లాభసాధనమైయున్నది" అని 1 తిమోతి 6:6 చెబుతుంది. అంతకు ముందు వచనంలోనే, దైవభక్తి లాభసాధనమనుకునేవాళ్లను పౌలు సత్యహీనులన్నాడు. రెండు వచనాలూ కలిపి చదవండి.

సంఘంలోపల కూడా చూసుకోండి

లోకం గుడి బయటే ఆగిపోతుందని అనుకోకండి. యాకోబు 2:2-4లో బంగారు ఉంగరం పెట్టుకుని ప్రశస్తమైన బట్టలతో వచ్చినవాడికి మంచి స్థలం, మురికి బట్టల దరిద్రుడికి "నీవక్కడ నిలువుము" అనే మాట. ఇది జరిగింది ఆరాధన సమాజంలోనే. వచ్చే ఆదివారం ఒక పని చేయండి. ఆరాధన అయ్యాక మీకు ఉపయోగపడే మనిషి దగ్గరికి ముందు వెళ్లకండి. ఎవరూ పలకరించని ఒకరి దగ్గరికి వెళ్లి, పేరు అడిగి, తర్వాతి వారం ఆ పేరుతో పిలవండి. కుర్చీలు సర్దడం, కడగడం లాంటి పరిచర్య ఒకటి తీసుకుని, మీరు చేస్తున్నట్టు మైకులో చెప్పవద్దని అడగండి.

కళ్ల విషయం

ఇది తక్కువ మాటల్లోనే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చర్చ పెట్టుకుంటేనే ప్రమాదం. యోసేపు తనను పాపానికి పిలిచిన పోతీఫరు భార్యతో వాదించి గెలవలేదు, వస్త్రం వదిలేసి పారిపోయాడు. ఏ యాప్ మిమ్మల్ని పడగొడుతోందో అది తీసేయండి. రాత్రి ఫోన్‌ను నలుగురూ తిరిగే గదిలో ఛార్జింగ్ పెట్టండి. మీరు నమ్మే ఒక పెద్దకు, లేదా మీ వయసు విశ్వాసికి విషయం చెప్పి, వారానికి ఒకసారి సూటిగా అడగమనండి. వాళ్లు అడిగిన రోజు నిజం చెప్పండి.

మనుషులకు దగ్గరగానే ఉండండి

యాకోబు 1:27ను మనం తరచుగా సగమే చదువుతాం. "ఇహలోకమాలిన్యము తనకంటకుండ" కాపాడుకోవడం రెండో సగం. దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడం మొదటి సగం. మాలిన్యం అంటుతుందేమో అన్న భయంతో ఎవరి గడపా తొక్కనివాడు ఆ వచనంలో సగమే పాటిస్తున్నాడు.

విలియం విల్బర్‌ఫోర్స్ ఇంగ్లాండ్ పార్లమెంటు సభ్యుడిగా ఉండగానే, 1785లో అతని జీవితం మారింది. రాజకీయాలు లోకసంబంధమైనవి కదా, వదిలేయాలా అన్న ప్రశ్నతో జాన్ న్యూటన్ దగ్గరికి వెళ్లాడు. న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడలకు కెప్టెన్, తర్వాత దైవసేవకుడయ్యాడు. ఉన్నచోటే ఉండమని ఆయన సలహా ఇచ్చాడు. విల్బర్‌ఫోర్స్ ఉండిపోయాడు. ఏళ్ల తరబడి ఓడిపోతూ మళ్లీ మళ్లీ ప్రవేశపెట్టిన బిల్లు చివరికి 1807లో నెగ్గి, బ్రిటిష్ బానిస వ్యాపారం చట్టవిరుద్ధమైంది. 1785లో అతను పరిశుద్ధత పేరుతో పార్లమెంటు వదిలేసి ఉంటే ఆ బిల్లును అన్నేళ్లు ఎవరు మోసేవారో!

మీ చుట్టూ ఉన్న అవిశ్వాసుల్లో ఇద్దరి పేర్లు నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి. వాళ్లను మార్చాలని కాదు, వాళ్ల కష్టం తెలుసుకోవాలని. ఆసుపత్రిలో ఉంటే వెళ్లి కూర్చోండి. వాళ్ల సంతోషంలో మనస్ఫూర్తిగా పాలుపంచుకోండి, మీ గీత ఎక్కడుందో అక్కడ నవ్వుతూ ఆగండి. ఇంట్లో పిల్లలకు కూడా "మనం చేయం" అన్నదానికంటే ముందు "మనం ఎందుకు చేయం" అన్నది చెప్పండి. కారణం తెలియని పిల్లలు మన గీతను మన ఎదుట ఉన్నంతసేపే పాటిస్తారు.

జారిపడిన రోజు

పడతారు. నేనూ పడ్డాను, పైన చెప్పాను కూడా. ఆ రోజు ఏం చేయాలో ఇప్పుడే తెలుసుకుని ఉంచుకోండి. దేవుని దగ్గర ఒప్పుకోవడం మొదటిది, 1 యోహాను 1:9 మనకు తెలిసిందే. రెండోది, మీ వల్ల నష్టపోయిన మనిషి దగ్గరికి వెళ్లడం, వీలైతే ఆ రోజే. "అనుకోకుండా జరిగింది" అనకండి. "నేను అబద్ధం చెప్పాను, నన్ను క్షమించండి" అనండి. మూడోది, మర్నాడు ఉదయం అదే అరగంటకు, అదే కుర్చీలో, బైబిల్ తీసుకుని కూర్చోవడం. సిగ్గు వల్ల రెండు రోజులు మానేస్తే అది రెండు నెలలు అవుతుంది.

పౌలు పత్రికల్లో దేమా పేరు మూడుసార్లు వస్తుంది. ఫిలేమోను 24లో జతపనివాడు. కొలొస్సయులకు 4:14లో లూకాతో పాటు వందనాలు చెబుతున్నాడు. 2 తిమోతి 4:10లో "ఇహలోకమును స్నేహించి" పౌలును విడిచి థెస్సలొనీకకు వెళ్లిపోయాడు. చాలామంది అక్కడితో పుస్తకం మూసేస్తారు, భయపడతారు. తర్వాతి వచనం కూడా చదవండి. అందులో మార్కు ఉన్నాడు. అపొస్తలుల కార్యములు 13:13లో పంఫూలియలో పౌలును వదిలేసి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయిన యోహాను అనే మార్కు. అతని గురించే పౌలుకు, తోటి సేవకుడు బర్నబాకు తీవ్రమైన వివాదం వచ్చి ఇద్దరూ విడిపోయారు. ఏళ్లు గడిచాక, చెరసాలలో, తన కాలం దగ్గరపడిందని తెలిసి పౌలు తిమోతికి రాస్తున్నాడు: మార్కును వెంటబెట్టుకుని రా, అతడు పరిచారము నిమిత్తము నాకు ప్రయోజనకరమైనవాడు.